గడియారం కనపడేలా ఫొటో

సూటిగా అడుగుతున్నాను, జవాబివ్వండి: కాబోయే మొగుడు ఎక్కడున్నాడో కనుక్కోవడం నేరమా? కాదు కదా! నిన్నటిదాకా నా వాదనా అదే. నిన్న సెక్టర్ 6లో, పదిమంది ముందు, నా కేసు నేనే ఓడగొట్టుకున్నాను.

మా కిరణ్‌ది జాముల్ సిమెంట్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఉద్యోగం. డ్యూటీ దిగి కోహ్కాలో ఇంటికి రావడానికి ఎంతసేపు? ఆలస్యమైతే అడగనా? మొన్న ఒకటే మాటన్నాడు: "ఒక్కసారి గ్రూప్ థెరపీకి వెళ్లు. అప్పటిదాకా ముహూర్తం మాటెత్తకు, నాకు ఫోనూ చెయ్యకు."

నాకు వెంటనే డౌటు. ఇందులో ఏదో ప్లాన్ ఉంది!

వెళ్లాను. సెక్టర్ 6 హాల్లో గుండ్రంగా కుర్చీలు. సగం హిందీ, సగం తెలుగు. ఒక్కొక్కరూ ఇంట్లో గొడవ చెప్పుకోవాలి, విన్నవాళ్లు తమకేమనిపించిందో చెప్పాలి. "ఇంట్లో మనుషులతో ఎలా ఉంటామో, కాసేపటికి ఇక్కడా అలాగే ఉంటాం" అంది కౌన్సిలర్ దీదీ. చూద్దాం, అని చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఎదురుగా ఒక ఆంటీ. పేరు చెప్పను, అక్కడి రూలు. "బజారుకెల్తే ఫొటో పంపమంటారమ్మా. ఉత్త ఫొటో కాదు, ఎనకాల గడియారం కనపడాల!" అన్నారు ముక్కు చీదుకుంటూ.

నా రక్తం ఉడికిపోయింది. గడియారం రూలు నాది! కిరణ్‌కి నేను పెట్టింది! ఈవిడకెలా తెలిసింది?

డిబేట్‌లో లేచినట్టు లేచాను. "అబ్జెక్షన్! మిమ్మల్ని ఎవరు పంపారు ఆంటీ? కిరణేనా? గడియారం పడలేదని అతనితో మళ్లీ ఫొటో తీయించానని కూడా చెప్పేశాడా?"

ఆంటీ నన్ను ఎగాదిగా చూశారు.

"కిరణెవుడే తల్లీ? నాను మా ఆయన గురించి సెప్తన్నాను."

పక్క కుర్చీ భయ్యా ఊరుకోవచ్చు కదా! "దీదీ, ఇంకేం, ఈమె రూపంలో అంకుల్ కూడా వచ్చేసినట్టే!"

కూర్చోబోతే ఆంటీ వదల్లేదు. "ఉండమ్మా. మా ఆయన్ని అడగడానికి నాకు దైర్యం సాలదు. నువ్వు సెప్పు. ఆ గడియారం ఎందుకు?"

"పాత ఫొటో పంపేస్తాడేమోనని..."

"పంపితే ఏటౌద్ది?"

డిబేట్లలో ఇన్ని కప్పులు గెలిచిన నోరు! నిజం కక్కేసింది. "వదిలేసి పోతాడేమోనని భయం, ఆంటీ" అన్నాను.

ఆంటీ కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు. "మా ముసిలోడికీ అదేనేటో!" అన్నారు.

ఇప్పుడు నా గోడు వినండి. కిరణ్ నా ఫోన్ ఎత్తడం లేదు. మీలో ఒకరు చెయ్యండి. వెళ్లానని, మళ్లీ వెళ్తానని చెప్పండి. ఎక్కడున్నాడో మాత్రం అడక్కండి, నా మీద ఒట్టు! తనంతట తనే ఫొటో పంపితే నాకు ఫార్వర్డ్ చెయ్యండి. గడియారం లేకపోయినా పర్లేదు.