అది కలేనని చెప్పాను

దయ్యాలు లేవని ఎన్నో సభల్లో వాదించాను. లేవు. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ మాటతో నేను తొలిసారి గెలిచిన వాదం ఇన్నేళ్లుగా నా గుండెల మీద బండలా ఉంది. నా పేరు అడగకండి. వినండి, చాలు.

ఈమధ్యే కర్నూలులో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు మా చిన్నాన్న నా మీద చేసిన అఘాయిత్యం గురించి చెప్పుకోవడానికే వెళ్లాను. ఆమె తొందరపెట్టలేదు. కిటికీకున్న పల్చటి పచ్చతెర గుండా ఎండ వచ్చి, గదంతా నీళ్లలో మునిగినట్టుంది. కళ్లు మూసుకున్నాను. శనక్కాయల దుమ్ము వాసన వచ్చింది. కోడుమూరులో మా ఇంటి కొట్టుగది. పంట కొనడానికి కడప నుంచి వచ్చే చిన్నాన్న. అయితే ఆ పచ్చటి వెలుగులో తలుపు దగ్గర నిలబడింది నేను కాదు. నా చెల్లెలు.

అది హైస్కూల్లో ఉండగా, చిన్నాన్న వచ్చినప్పుడల్లా కొయ్యబారి పడిపోయేది. గాలి సోకిందన్నారు. మంత్రగాణ్ణి పిలుస్తామన్నారు. నేనప్పుడే కాలేజీలో చర్చల రుచి మరిగినదాన్ని. వేపమండలతో కొడితే జబ్బు పోతుందా అని ఇంటిల్లిపాదినీ నిలదీశాను. ఇది నరాల జబ్బు, డాక్టరుకు చూపించండి అన్నాను. అవ్వ నోరు మూయించాను.

నాయన తలూపాడు. "నువ్వు సెప్పిందే సరి పాపా. మంత్రగాడొద్దు. కడపలో మంచి డాక్టర్లుండారు. మీ చిన్నాయన ఇంట్లో పెట్టి సూపిద్దాం."

అంతసేపు ఆగకుండా ఆడిన నా నాలుక అక్కడ ఆగిపోయింది.

ఆ సాయంత్రం మిద్దె మీద చెల్లెలు నా పక్కకొచ్చి కూర్చుంది.

"అక్కా, ఆడికి నేను పోను. చిన్నాయన మంచోడు కాదు. కొట్టుగదిలో..."

"కలగన్నావులేవే."

"కల కాదక్కా."

"కలే. దయ్యం మాదిరే అదీ నీ తలకాయలోనే ఉండాది."

ఎందుకన్నాను? దానిది నిజమైతే నాదీ నిజమవుతుంది. నాది కలేనని నన్ను నేను నమ్మించుకుని బతుకుతున్నాను కదా. రుజువు లేనిదేదీ నమ్మనని గొప్పలు పోయేదాన్ని. రుజువు నా ఒంట్లోనే ఉంటే, దాన్ని మూఢనమ్మకంలా కొట్టిపారేశాను. భయమా? భయమే. కానీ గెలిచిన మత్తు కూడా కాదా? మర్నాడు కడప బస్సు కిటికీలోంచి అది నన్నే చూసింది. నేను చెయ్యి ఊపాను.

"అప్పుడు మీరూ చిన్నపిల్లే కదా," అంది అంతా విన్న వైద్యురాలు. నేను వాదించలేదు. ఒప్పుకోనూ లేదు.

బయటికొచ్చి, చెట్టు నీడన నిలబడి నందికొట్కూరుకు ఫోన్ చేశాను. చెల్లెలు ఇప్పుడు అక్కడే ఉంటుంది.

"అది కల కాదే," అన్నాను.

ఏ కల అని అది అడగలేదు.

"నాకు తెల్దా అక్కా? నీకెప్పుడు తెలిసింది?"

"నీకన్నా ముందే. కొట్టుగదిలోనే."

ఊపిరి పీల్చిన చప్పుడు.

"ఎసరు పెట్టినా. పోతాండా," అని పెట్టేసింది.

మళ్లీ చేస్తుందో లేదో తెలియదు. చెయ్యమని అడిగే హక్కు నాకు లేదు. రోడ్డు మీదికి నడిచాను. ఆటోలు అరుస్తున్నాయి. ఎండ చుర్రుమని ఒంటికి తగిలింది. మామూలు ఎండ. నిజం ఎండ.