మడకకు కట్టిన తెప్ప

నా చిన్నప్పుడు ఒక ఏడు వానలు మధ్యలోనే మొహం చాటేశాయి. గిద్దలూరు దగ్గర మా ఊరి చెరువులో నీళ్లు తూము కిందికి దిగిపోయాయి. మా ఎకరం వరి అప్పుడే పొట్ట మీద ఉంది. ఇంకో రెండు తడులు అందితే ఏడాది తిండి గింజలు, అందకపోతే పశువులకు మేత.

నీళ్లు రోజూ వెనక్కి పోతుంటే గట్టున పెట్టిన ఆయిలింజనుకు అందలేదు. అందుకని మా నాయన ఆరు ఖాళీ డ్రమ్ములు కట్టి, పైన చెక్కలు పరిచి, ఆ తెప్ప మీద ఇంజను ఎక్కించి చెరువులోకి తోశాడు. కదలకుండా ఉండటానికి ఒక పలకరాయి కట్టి దించాడు. మార్కాపురం వైపు వాళ్లం కదా, గోడకైనా గడపకైనా మాకు పలకరాయే. నున్నటి ఆ రాయి బురద మీద జారుకుంటూ పోయింది. మధ్యాహ్నం గాలికి తెప్ప కొట్టుకుపోయి, పైపు ఊడి, ఇంజను ఒక పక్కకు ఒరిగింది. ఇంకో రాయి కట్టినా అంతే అయింది.

నాయన గట్టున కూలబడ్డాడు. "ఇంగ నా వల్ల కాదక్కా. పంట పోతే పోయింది, ఇంజను గూడ మునుగుతాది."

ఆయన మాట్లాడింది మా మేనత్తతో. ఆమె మా ఇంట్లోనే ఉండి నాయనతో సమానంగా మడక పట్టి పొలం దున్నేది. కోపం వస్తే నోరెత్తదు, పని అందుకుంటుంది. మర్నాడు పొద్దున్నే కొట్టంలోని పాత ఇనప మడక భుజాన వేసుకొచ్చింది. గట్టు మీద జనం నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నేనే. "చెరువు దున్నుతావా అత్తా?" అని కూడా అడిగాను.

రాయికి బదులు ఆ మడకను తెప్పకు కట్టి నీళ్లలో దించమంది. తెప్ప కదలకూడదని నాయన తాడు పొట్టిగా, బిగించి కట్టాడు. గాలి లేవగానే మడక నిలువునా పైకి వచ్చేసింది.

"ఏందిరా తమ్ముడా, దున్నేటప్పుడు కాడి దగ్గరగా కడితే కర్రు దిగుతాదా? లేస్తాది గదా! దూరంగా కట్టు," అంది అత్త.

నన్ను ఇంటికి తరిమి, గడ్డిమోపులు కట్టే మోకులన్నీ తెప్పించింది. వాటిని ఒకదానికొకటి ముడేసి, తనే మెడలోతు నీళ్లలోకి దిగి, గాలి వచ్చే వైపు చాలా దూరాన మడకను వేసింది. అంత తాడు వదులుగా తేలుతుంటే నాకు భయం వేసింది. గాలికి తెప్ప వెనక్కి జరిగింది, ఇంకా జరిగింది, అంతలో మోకు బిగిసి ఆగిపోయింది. ఎద్దులు లాగినట్టే గాలి లాగేకొద్దీ కర్రు బురదలోకి దిగింది. అప్పుడు పైపు తగిలించారు. పొద్దుగూకేదాకా మా మడిలోకి నీళ్లు పారాయి. నవ్వినందుకు నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం తడి చీర పిండుకుంటూ, "అన్నం పెట్టుపో," అంది.

ఆ ఏడు మా వడ్లే తిన్నాం. ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. పిల్లలు మాట వినకపోయినా, దగ్గరి మనిషి దూరమవుతున్నట్టు అనిపించినా నా చెయ్యి ముందు బిగించడానికే పోతుంది. అప్పుడు ఆగి, ఇంకో నాలుగు బారల తాడు వదులుతాను. వదిలిన ప్రతిసారీ భయం వేస్తుంది. అయినా వదులుతాను.