గోడ మీది వేపచెట్టు

టర్పెంటైన్ వాసనలో వేపపూత వాసన కలిసిందంటే నాకు మస్తాన్ మామ గుర్తొస్తాడు. ఈ పొద్దు కల్లూరులో అదే గోడ ముందు రంగు డబ్బా మూత తీశాను. గోడ వెనక వేపలు విరగబూసి ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో నేను బడిని, బడి నన్ను ఒకేసారి వదిలించుకున్నాం. ఆ తర్వాత నా చేత అక్షరాలు దిద్దించింది మామే, అదీ కిరాణా కొట్ల బోర్డుల మీద. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పడిపోయాక, మామ మిగిలిన రంగులు పట్టుకుని మా కాలనీ పక్క చిట్టడవిలో చెట్లు గీస్తూ కూర్చునేవాడు. మిగతావాళ్లకు అది అడవి కాదు, కంప. పాములు, చెత్త. దాన్ని చదును చేయించాలని కాలనీ పెద్దలు తీర్మానించారు. అందరికన్నా పట్టు మీదున్నవాడు రిటైరైన కండక్టర్ ఓబులేసు. ఆ మాట విన్న రోజు మామ అన్నం ముట్టలేదు.

అప్పుడే ఆ చిట్టడవి ముందరి గోడకు రంగులేసే పని మాకొచ్చింది. ఎవరూ మూత్రం పోయకుండా దేవుళ్ల బొమ్మలు వేయమన్నారు కాలనీ పెద్దలు; మన ఊళ్లలో గోడల కాపలా అన్ని మతాల దేవుళ్లదే కదా. మామ మాత్రం వెనకున్న చెట్లనే వేద్దామన్నాడు. చెట్టు కనబడితే మనవాళ్లకు ఆగేది కూడా ఆగదు మామా అన్నాను. ఆయన నవ్వలేదు.

"చూసేటోళ్లు నిలబడే తావున పోసేటోళ్లు నిలబడలేరప్పా."

నాకు వేపచెట్టు అప్పజెప్పాడు. వేప తెలియనిదెవరికి? డబ్బాలో ఉన్న పచ్చరంగుతో, బోర్డు నింపినట్టు, టీ వచ్చేలోపు ముగించేశాను. మామ కాసేపు చూసి, "పచ్చ శానా బాగుండాది. చెట్టు యాడుండాది శీనా?" అని నన్ను గోడ అవతలికి తోలాడు. బ్రష్షూ ఫోనూ లాక్కున్నాడు. మొదట ముళ్లు కనబడ్డాయి, తర్వాత చీమలు, ఆ తర్వాత విసుగు. ఎండ వాలాక చిగురు మీద వెలుగు పడింది. అది పచ్చగా లేదు. తోమిన రాగిచెంబులా ఎర్రగా ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాను గానీ, ఆ చెట్టు మొహం చూసింది ఆ పొద్దే. వెనక్కొచ్చి ఎర్రరంగు కావాలంటే, మామ అప్పటికే కలిపి పెట్టి ఉన్నాడు.

దేవుళ్లేరీ అని తగాదాకు వచ్చిన ఓబులేసు, వేపాకు ఎర్రగా ఉంటుందా అని ఇంకో తగాదా పెట్టుకున్నాడు. మామ వాదించలేదు, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. మరుసటి రోజు ఓబులేసు తన భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె పక్కింటివాళ్లను తెచ్చింది. గోడ మీద కానుగను చూసినవాళ్లు అసలు కానుగను వెతుక్కుంటూ లోపలికి నడిచారు. తీర్మానాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. ఒక పొద్దున జేసీబీ వచ్చి నిలబడింది. ఓబులేసే లుంగీ ఎగ్గట్టి దానికి అడ్డం పోయాడు.

"ముళ్లకంప తీసుకో, చెత్త ఎత్తుకో. గోడ మీదుండే చెట్టు మాత్రం ఒక్కటి ముట్టొద్దప్పా."

గోడ మీద లేని చెట్టంటూ మామ ఒక్కటీ మిగల్చలేదు మరి.

పోయినేడు మామ కాలం చేశాడు. ఏటా గోడకు రంగు కొట్టే పని నాకు మిగిలింది. డబ్బా తెరిచాను గానీ బ్రష్ ఇంకా ముంచలేదు. ముందు లోపలికి పోయి కూర్చుని రావాలి. పోయినేటి ఎరుపు ఈ ఏటి చిగురుకు సరిపోతుందని ఎవరు చెప్పారు?