అక్క నాకిచ్చిన చిమ్మిలి

నా పేరు సన్యాసమ్మ. ఎనభై రెండేళ్లు. చోడవరంలో మనవరాలి దగ్గర ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే అది కాగితం మీద రాస్తోంది.

పొద్దున మనవరాలు బిస్కెట్ పాకెట్ వెనక చదివి, నువ్వులున్నాయని పక్కన పెట్టేసింది. దాని కూతురికి నువ్వులు పడవు. నాకు మా అక్క పైడమ్మ గుర్తొచ్చింది.

నా ఈడువాళ్లకు జ్ఞాపకమే ఉంటుంది. పెద్దమనిషైన పిల్లను తాటాకు చాప మీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లమూ రోట్లో దంచిన చిమ్మిలి రోజూ పెట్టేవారు. అక్క పెద్దమనిషైనప్పుడు, ముట్టుకోకూడదని అమ్మ ఆ ముద్ద దూరంగా పెట్టి వెళ్లిపోయేది. అక్క దాన్ని దాచి నాకిచ్చేది. అంతకుముందు తీర్థం జాతరలో నువ్వులద్దిన బెల్లం జీడి కొరికితే అక్క పెదాలు వాచిపోయాయి. అమ్మ పురుగు కుట్టిందంది. నువ్వులేనని నాకు తెలుసు.

నాలుగో రోజు అక్క కొత్త పరికిణీ కట్టుకుంటానన్నాను.

"ఎలకపిల్లలాగున్నావు, నీకేటే, జారిపోద్ది," అని నవ్వింది.

ఉక్రోషంతో అమ్మ దగ్గరికి పరిగెత్తాను. "అమ్మా, అది తింటం లేదే. రోజూ నాకే పెట్టేస్తంది."

అమ్మ వచ్చి చాప ఎదురుగా నిలబడింది. "నా కళ్ల ముందర తిను. ఏటా ఎచ్చులు?"

"గొంతు పట్టేస్తాదే అమ్మా," అంటూనే అక్క తింది. మొహమంతా వాచి ఊపిరందలేదు. నాన్న బండి కట్టేలోగా ప్రాణం పోయింది.

ఊరంతా దిష్టి అన్నారు. అమ్మ పోయేదాకా అదే నమ్మింది. దిష్టి కాదు. తెలిసీ చాడీ చెప్పింది నేను. చిన్నపిల్లవి కదా అని ఎవరూ నన్ను వెనకేసుకు రావద్దు.

ఇది నా ఎడమచేతి వేలిముద్ర.

సాక్షులు: రాసిన మనవరాలు లక్ష్మి, నువ్వులు పడని మునిమనవరాలు చిన్ని.