కంటికి కనబడని వేడి

మా నాన్న కంట్లో శుక్లం ఉందని తెలిసి ఏడాది దాటింది. ఆపరేషన్ మాటెత్తితే చాలు, సంచీ పట్టుకుని బజారుకి పోతాడు. రెండుసార్లు తేదీ తీసుకున్నాను, రెండుసార్లూ ఎగ్గొట్టాడు. ఇంకా ముదరబెడితే చూపు దక్కడం కష్టమని ఈమధ్య డాక్టరు గట్టిగానే చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు భయమేస్తే అది కోపంగానే బయటికొస్తుంది, ఏం చేయను!

ఆ ఆదివారం పొద్దున్న ఈ హిందీ ఊళ్ళో మా పేట సీతారాండేరాలో, గుమ్మం ముందు స్టూలేసుకుని ఆయన టీ తాగుతున్నాడు. మా అమ్మాయి ఫోన్ తెచ్చి, "తాతా, దేఖో నా!" అంటూ ముక్కుకి ఆనించింది. అంతరిక్షంలో ఉన్న పరారుణ టెలిస్కోపు తీసిన ఫోటో అది. నక్షత్రాలు పుట్టే చోటు.

"నాకు పొగే కనిపిత్తంది," అన్నాడు నాన్న.

"పొగ కాదు, దుమ్ము. మామూలు వెలుగుకి ఆ దుమ్ము గోడలాగ అడ్డం. ఈ టెలిస్కోపు చూసేది వేడి కిరణాల్ని. అవి దుమ్ములోంచి చాలామట్టుకు దూరి వచ్చేత్తాయి. అందుకే వెనకాల దాక్కున్న పసి చుక్కలు దొరికిపోయాయి," అన్నాను.

నేను చేసే పనీ ఇంచుమించు అలాంటిదే. థర్మల్ కెమెరా పట్టుకుని ఫ్యాక్టరీల్లో తిరిగి, ఏ కరెంటు జాయింటు వదులై వేడెక్కుతోందో చూసి రాసిస్తాను. నాన్న లెక్కలో అదసలు పనే కాదు. ఆయన ఒక చిన్న ఫౌండ్రీలో బతుకంతా ఫర్నేసు ముందు గడిపిన మనిషి. కరిగిన ఇనుము రంగు చూసి, అచ్చుల్లో పొయ్యొచ్చో లేదో చెప్పేసేవాడు.

"వేడికి ఈ రంగులేటి మరి?"

"దానికి రంగుండదు. మన కంటికి ఆనదు కాబట్టి మనుషులే రంగులేత్తారు."

"అయితే దొంగ బొమ్మే!" అని తెగ సంబరపడిపోయాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "దొంగదేం కాదు. వరస తప్పకుండా వేత్తారు. పొడుగు అలలకి ఎరుపు, పొట్టి అలలకి నీలం."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "బట్టీలో కూడా ఎరుపంటే వేడి తక్కువ, తెలుపెక్కితే ఎక్కువ. ఆ వరసే ఉంచినారేటి?"

ఉంచారు. నేను నాలుగు రోజులు కుస్తీ పట్టి అర్థం చేసుకున్న సంగతి ఆయన ఒక్క గుక్కలో తేల్చేశాడు. గర్వంగానూ ఉంది, ఉడుకుమోత్తనంగానూ ఉంది.

మా అమ్మాయి ఇంకో ఫోటో తీసి, మూలనున్న ఎర్రటి చుక్క సబ్‌సే పురానా, అన్నిటికంటే పాతది అంది. చల్లారిపోయిందా అని నాన్న అడిగాడు. లేదన్నాను. అదొక పాత గెలాక్సీ. దాని వెలుగు తెల్లగానే బయల్దేరింది. దారి పొడుగునా ఆకాశమే సాగుతుంటే ఆ వెలుగూ సాగి, ఎరుపు దాటి, వేడి కిరణంగా మన దగ్గరికి చేరింది.

"అబ్బో! ఎంత దూరం నడిసొచ్చిందమ్మా పాపం!" అన్నాడు.

టెలిస్కోపుని ఎండ తగలకుండా పెద్ద తెర వెనక చల్లగా ఉంచుతారనీ, లేకపోతే దాని ఒంటి వేడే దానికి అడ్డమొస్తుందనీ కూడా చెప్పాను.

"అయితే నిన్ను మాత్రం ఆ పనికి పెట్టుకోరు," అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను.

తరవాత ఆయన ఉన్నట్టుండి అడిగాడు. "కనబడని ఆ వేడి, కంట్లోకి దూరదు కదా?"

"ఎందుకు దూరదు? ఫర్నేసులోంచి కొట్టేదీ అదే. ఏళ్ళ తరబడి పడితే కంట్లో కటకం మసకబారిపోద్ది. అందుకేగా మీకు నల్లద్దాలిచ్చింది."

"నానెట్టుకోనేదు," అన్నాడు.

పెట్టుకుంటున్నానని మా అమ్మతో, నాతో ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చిన మనిషి! "ఎందుకెట్టుకోలేదు?" అని వీధంతా వినబడేలా అరిచాను.

"అద్దంలోంచి రంగు తెలీదనుకున్నాను. అదొక్కటే కాదమ్మా. ఎట్టుకున్నోళ్ళని పెళ్ళికూతురొచ్చిందిరోయ్ అని ఎక్కిరించీవోణ్ణి. నా మాటకే మనోడు కూడా తీసీసినాడు. ఆపరేషన్‌కెళ్తే డాక్టరు అద్దాల సంగతడుగుతాడు. నువ్వు పక్కనే ఉంటావు. ఏ మొకం పెట్టుకుని సెప్పీది?"

మనోడంటే నాన్న కింద పని చేసినతను, పదేళ్ళు చిన్న. ఈ ఊళ్ళోనే బర్మామైన్స్ పేటలో ఉంటాడు. తిట్టడానికి నోటిదాకా వచ్చినవన్నీ మింగేశాను. "నాన్నా, నీ చూపు పోద్దేమోనని నాకు బెంగగా ఉంది," అన్నాను. అన్నాళ్ళూ ఆ ఒక్క ముక్కా చెప్పలేదు.

"ముందు ఆడికి ఫోన్ కలుపు," అన్నాడు.

స్పీకరు పెట్టి కలిపాను. అతని భార్య ఎత్తింది.

"బాగున్నావేటమ్మా? ఆడేడీ?"

"ఇక్కడే కూకున్నారన్నా. ఫోన్‌లో అంకెలు ఆనట్లేదు కదా, రెండేళ్ళ నుంచీ నానే ఎత్తుతన్నాను."

నాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆడి కాయితాలు తీసి ఉంచమ్మా. రేపు మా పిల్ల ఆటో తెత్తాది. ఇద్దరం ఒక్కపాలే ఎల్దాం. ముందు ఆడి కళ్ళు సూపిత్తాను, తరవాతే నాయి."