మా గోడకు కట్టేసిన ఏనుగు

విశాఖ నుంచి వచ్చిన ఆఫీసు అతిథులకు పాతబస్తీ చూపించే పని నా మెడకు చుట్టారు. అక్కడే ఛత్రినాకలో పుట్టినవాడికి అన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. నేనింతవరకూ చార్మినార్ మెట్లే ఎక్కలేదు. పరువు దక్కించుకోవడానికి ఒక గైడును మాట్లాడాను. అతను అందరితోపాటు నా నెత్తినా పసుపు టోపీ పెట్టాడు.

గాజుల దుకాణాలు అయ్యాక, సందులన్నీ తిప్పి సరిగ్గా మా ఇంటి ముందే ఆపాడు. గోడకున్న ఇనుప కడియం చూపించి, "నవాబుసాబు ఏనుగును దీనికే కట్టేటోళ్లు" అన్నాడు.

అది మా నాన్న తన స్కూటర్‌కు గొలుసు వేయడానికి బిగించిన కడియం. ఏనుగు ఒక్కసారి ఒళ్లు విదిలిస్తే గోడతోపాటు మా గ్యాస్ బండ కూడా బజార్లో పడుతుంది. అబద్ధానికైనా కొలత ఉండాలి కదా!

నోరు తెరవబోతుంటే మా అమ్మ గడపలోకి వచ్చింది. ఇక వీడి పని అయిపోయిందనుకున్నాను.

"అవ్ బిడ్డా, మా అత్త కండ్లార సూసిందట. మస్తు పెద్ద ఏనుగు" అంది అమ్మ. అతిథులు ఫోన్లు తీయగానే కొంగు సర్దుకుని కడియం పక్కన నిలబడింది.

నేను గుడ్లురిమి చూశాను. అమ్మ నా టోపీని ఎగాదిగా చూసింది.

"గట్ల జూస్తున్నవ్ ఏందయ్యా? మీది ఏ ఊరు?"