రెండో గొంతు

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మా తోటికోడలికి ఇంకా నిదానంగా వచ్చాయి, అవీ అంతంతమాత్రమే. మామిడి తోటల్లో కాయలు ఏరి, సొన తుడిచి, గ్రేడు చేసే పని మాది. రాత్రి బడి తరగతులు ముగిసిన రోజున, మాకు చదువు చెప్పిన అమ్మాయి ఒక్కటే చెప్పింది: "రోజూ ఏదో ఒకటి చదవకపోతే ఇవి పోతాయి పిన్నీ."

నేను పొట్లాల కాగితాలు కూడా వదిలేదాన్ని కాదు. తోటికోడలు మాత్రం బస్సు బోర్డులు తప్ప ఏమీ చదివేది కాదు. వాటిని గట్టిగా, బస్టాపంతా వినేలా చదివేది.

ఆ అమ్మాయే మళ్లీ వచ్చింది. తెలుగు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎవరెవరో కలిసి ఊరికే తయారు చేస్తున్నారట. అది ఎవరి సొంతమూ కాదు, ఎవరైనా ఓ చెయ్యి వేయవచ్చు. వాళ్లకు గొంతులు కావాలి. ఫోన్లో కనిపించే వాక్యం చదివి పంపితే చాలు.

"మేమేంటి, కంప్యూటర్‌కి చదివి చెప్పేదేంటి?" అని నవ్వింది తోటికోడలు.

"కొత్తవాళ్లే కావాలంట పిన్నీ. బాగా చదువుకున్నోళ్ల గొంతులు వాళ్ల దగ్గర చాలా ఉన్నాయి."

ఆ మాట ఆమెకు నచ్చింది. ఆ వేసవంతా మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నా ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్లం. ఆమె కూడబలుక్కుంటూ చదివేది, నేను ఊ కొట్టేదాన్ని. నేను చదివితే ఆమె ఊ కొట్టేది. మా ఇళ్లలో ఒకరు చెబుతుంటే ఇంకొకరు ఊ అనాల్సిందే. లేకపోతే చెప్పే మనిషి ఆగిపోతుంది.

మేం పంపినవాటికి వాళ్ల సమాధానాలు ఆ అమ్మాయికే వచ్చేవి. కాయలు అయిపోయే రోజుల్లో వచ్చి, తన ఫోన్ నా చేతికిచ్చింది. నేనే చదివాను. మీ సాయానికి ధన్యవాదాలు, అన్నిట్లోనూ రెండో గొంతు వినిపిస్తోంది, ఒక్కరే ఉండి మళ్లీ చదవండి. మర్యాదగానే రాశారు.

"ఊ అన్నా తప్పేనా?" అంది తోటికోడలు.

"మీ గొంతు ఒక్కటే పడాలి పిన్నీ."

"అయితే మా అక్క నోట్లో గుడ్డ కుక్కు."

అందరం నవ్వాం.

మర్నాడు నేను దూరంగా వెళ్లి కూర్చున్నాను. ఆమె మొదలుపెట్టి, సగంలో తలెత్తి నావైపు చూసింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ చూసింది. చివరికి లేచి వచ్చి ఫోన్ నా ఒళ్లో పెట్టేసింది.

"గోడతో మాట్టాడినట్టుందక్కా. నావల్ల కాదు."

బతిమాలినా వినలేదు. కొన్నాళ్లకు ఆ అమ్మాయికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. నేను ఒంటరిగా కొన్ని చదివి పంపాను. వాటిని ఎవరో విని సరే అనాలట. వినే మనిషి దొరకలేదేమో, అవి ఇంకా అలాగే ఉన్నాయి.

మొన్న ముసునూరులో పని చూసుకుని వస్తూ బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చింది.

"ఏ ఊరిదక్కా?"

"బోర్డుందిగా, చదవ్వే."

ఆమె చూసింది. మొదటి అక్షరం దగ్గర పెదవులు కదిలి ఆగిపోయాయి.

"నువ్వే చెప్పు, వెళ్లిపోద్ది."

"నూజివీడు," అని చదివాను.

"ఊ," అని ఎక్కేసింది.